పదిహేనో ప్రశ్న

కేబుల్ లింగస్వామి స్తంభం ఎక్కాడంటే దిగడానికి ఒక్కటే షరతు. కింద ఇంట్లోంచి ఎవరో ఒకరు "క్లియర్" అనాలి. "అమ్మా, క్లియరా?" అని పైనుంచి కేక వేస్తాడు. జవాబు రాకపోతే మళ్ళీ వేస్తాడు. ఒకసారి మా ఎదురింటివాళ్ళు టీవీ పెట్టేసి ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోతే, పాపం, అరగంట పైనే వేలాడాడు. చివరికి నేనే జాలిపడి నా జిరాక్స్ దుకాణంలోంచి బయటికొచ్చి "క్లియరేనయ్యా, దిగు" అన్నాను. నమ్మలేదు. "నువ్వు చూసినవా అక్కా?" అన్నాడు. చూడలేదని ఒప్పుకున్నాక ఇంకో పది నిమిషాలు అక్కడే ఉన్నాడు.

అలాంటి మనిషి. ఇప్పుడు సీసీ కెమెరాలు బిగించుకుంటూ బతుకుతున్నాడు. అతని గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, అంటే రెండువేల పది మొదట్లో, మా కాలనీలో ఒక దర్యాప్తు జరిగింది. టీవీ సిగ్నళ్ళతో ఎవరో మనుషుల బుర్రలు తిప్పేస్తున్నారనేది అనుమానం. దర్యాప్తు చేసింది ఇద్దరు. ఒకరు శ్రీరామమూర్తిగారు, రెండోవాడు లింగస్వామి. కాగితాలన్నీ జిరాక్స్ తీసింది నేను కాబట్టి కావాలంటే మూడో మనిషిగా నన్నూ వేసుకోవచ్చు.

లింగస్వామిది నల్లగొండ జిల్లా మర్రిగూడ పక్కన పల్లె. వాళ్ళ నాయన మూడు బోర్లు వేయించాడు, మూడింట్లోనూ దుమ్మే లేచింది. పంతొమ్మిదేళ్ళకు ఇతను పార పట్టుకుని ఎల్బీనగర్‌లో బస్సు దిగాడు. ఫోను తీగల కోసం రోడ్ల పక్కన కందకాలు తవ్వాడు. తవ్వుతూ తవ్వుతూ ఈ తీగలో ఏం పోతుంది, ఎట్ల పోతుంది అని మేస్త్రీ ప్రాణం తీశాడు. మేస్త్రీ విసిగిపోయి ఇతన్ని ఒక కేబుల్ ఆయనకు అప్పజెప్పి చేతులు దులుపుకున్నాడు. చదివింది ఐదో తరగతి. కానీ బొమ్మ వణుకుతోందంటే ఎక్కడ నీళ్ళు దిగాయో, నీడ పడుతోందంటే ఏ జాయింటు వదులైందో, ఇంట్లో అడుగు పెట్టకుండా చెప్పేవాడు. విచిత్రమేమిటంటే, తొమ్మిది గల్లీలకు టీవీ అందించే ఈ పెద్దమనిషి టీవీ చూడడు.

"నేను బొమ్మ చూడనక్కా, చుక్కలు చూస్త," అనేవాడు. "ఏం జెప్తున్రో నాకెందుకు? చుక్కల్లేకుంటే సాలు."

మాది మన్సూరాబాద్‌లో ఒక మామూలు కాలనీ. నా ఇల్లు నాలుగో గల్లీకీ ఐదో గల్లీకీ మధ్య మూల మీద ఉంటుంది. నాలుగో గల్లీలో ఎక్కువమంది నల్లగొండ పల్లెలనుంచి వచ్చినవాళ్ళు. ఐదో గల్లీలో ఎక్కువమంది గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలవాళ్ళు. నేను కోదాడదాన్ని. సరిహద్దు ఊరు కావడంతో మా ఇంట్లో ఏంది, ఏంటి రెండూ నడుస్తాయి. అందుకని ఉద్యమం రోజుల్లో నాలుగో గల్లీకి నేను ఆంధ్రదాన్ని, ఐదో గల్లీకి తెలంగాణదాన్ని అయ్యాను. బంద్ కరపత్రం కావలసినా, శాంతి సంఘం నోటీసు కావలసినా, జిరాక్స్‌కు మాత్రం ఇద్దరికీ నేనే దిక్కు.

ఇక్కడ కేబుల్ పనిలో ఒక ఆచారం చెప్పాలి. అది తెలియకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. సిగ్నల్ కంట్రోల్ రూమ్ నుంచి బయల్దేరి స్తంభాల మీదుగా వచ్చేసరికి నీరసపడుతుంది. దానికి బలం పట్టించే డబ్బా గల్లీకొకటి పెడతారు. ఆ డబ్బాకు కరెంటు కావాలి. స్తంభం మీద కరెంటు తీసుకోనివ్వరు కనుక, గల్లీలో ఒక ఇంటివాళ్ళను బతిమాలి వాళ్ళ గోడకు డబ్బా తగిలించి వాళ్ళ ప్లగ్గులోంచి కరెంటు తీసుకుంటారు. ఆ ఇంటికి కనెక్షన్ ఉచితం. ఆ ఇంటివాళ్ళకు కోపం వచ్చి ప్లగ్గు పీకితే గల్లీ మొత్తానికీ టీవీ ఆగిపోతుంది. అందుకని కరెంటు ఇచ్చే ఇంటి మాట లింగస్వామికి వేదవాక్కు. నాలుగో గల్లీలో ఆ ఇల్లు అంతయ్యది, చౌటుప్పల్ నుంచి వచ్చిన రిటైర్డ్ బస్సు డ్రైవరు. ఐదో గల్లీలో ఆ ఇల్లు శ్రీరామమూర్తిగారిది.

మూర్తిగారు తెనాలి వైపువారు. ప్రభుత్వ గణాంక శాఖలో పనిచేసి దిగిపోయారు. పొలంలో చిన్న చదరం గీసి, అందులో పంట కోయించి తూచి, జిల్లాలో ఎంత పండిందో చెప్పే శాఖ అది. రిటైరయ్యాక పొలాలు లేక మా మీద పడ్డారు. కాలనీలో కుక్కలెన్ని, దీపాలెన్ని, నీళ్ళ ట్యాంకరు ఎన్ని నిమిషాలు ఆలస్యం, అన్నీ కాగితం మీద ఉండేవి. ఆయన భార్య కుసుమకుమారి టీచరమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పింది. లింగస్వామి కూతురు మౌనిక పదో తరగతి. రోజూ సాయంత్రం ఐదింటికి టీచరమ్మ వరండాలో కూర్చుని లెక్కలు చెప్పించుకునేది. తొమ్మిదో తరగతి దాకా లెక్కలంటే ఏడ్చిన పిల్ల, టీచరమ్మ చేతిలో పడ్డాక నా దుకాణానికొచ్చి నేను చిల్లర తప్పిస్తే నన్నే దిద్దడం మొదలుపెట్టింది. లింగస్వామికి ఆ టీచరమ్మంటే దేవుడి కన్నా ఒక మెట్టు ఎక్కువ.

డిసెంబరులో తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన రావడం, రెండు వారాలకే అది వెనక్కి పోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత మా రెండు గల్లీల మధ్య మాటలు తగ్గాయి. జనవరికి చూపులు కూడా తగ్గాయి. పండగ వెళ్ళిన వారానికి ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, తిని, దారి ఆపే నిరసన. ఆ మర్నాడు మౌనిక పుస్తకాలు పట్టుకుని పోతే టీచరమ్మ గేటుకు తాళం ఉంది. లోపలినుంచి "ఇవాళ వద్దమ్మా, చీకటి పడకముందే ఇంటికి వెళ్ళిపో" అంది. సాయంత్రం ఐదింటికి ఆ మాట. మర్నాడూ తాళమే. మూడో రోజు మౌనిక గేటు బయట మెట్టు మీద కూర్చుని తనంతట తనే లెక్కలు చేసుకుంది. అది చూసి లింగస్వామి నా దుకాణం ముందు నిలబడి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

"పరీక్షలు రెండు నెలలే ఉన్నయ్ అక్కా. టీచరమ్మకు మేమేం జేసినం?"

అంతకన్నా పెద్ద కబురు మూర్తిగారు తెచ్చారు. ఇల్లు అమ్మేసి తెనాలి వెళ్ళిపోదామని టీచరమ్మ పట్టుబట్టింది. కొనేవాళ్ళు కూడా దొరికారు. మాఘ పౌర్ణమి వెళ్ళాక వచ్చే గురువారం కాగితం రాసుకోవాలి. మూర్తిగారికి సుతరామూ ఇష్టం లేదు. లింగస్వామి కూడా అక్కడే ఉన్నాడు.

"అసలు విషయం విను, నాగేశ్వరీ," అన్నారు మూర్తిగారు నాతో. "వంటావార్పు రోజున మా ఆవిడ హాల్లో కూర్చుని ఎల్బీనగర్ తగలబడిపోతోందండీ అని ఏడుస్తోంది. నేను డాబా ఎక్కి చూశాను. ఎల్బీనగర్ ఎంత దూరం? కిలోమీటరున్నర. పొగ లేదు. కాకులు కూడా ఎగరడం లేదు. కిందికొచ్చి చెప్తే నమ్మదే! డాబా మీద కనపడనిది హాల్లో ఎలా కనపడుతోంది? ముప్ఫై ఏళ్ళు రుజువు లేనిదే మార్కు వెయ్యని మనిషమ్మా ఆవిడ. ఆ టీవీలో ఏదో కలుపుతున్నారు."

ఆయన ఏదో వారపత్రికలో చదివారట. టీవీలో సెకనుకు పాతిక బొమ్మలు కదులుతాయట. మధ్యలో ఒక దొంగ బొమ్మ దూరిస్తే కంటికి తెలియదు, మనసుకు మాత్రం ఎక్కుతుందట. నేను నవ్వాను. లింగస్వామి నవ్వలేదు. తన తీగలో తనకు తెలియనిది పోతోందంటే అతనికి అవమానం. గురువారంలోగా అదేమిటో పట్టుకుంటే టీచరమ్మ ఉండిపోతుందని ఆశ కూడా.

"నా తీగల దొంగ బొమ్మ వచ్చుడేంది సారూ? పట్టుకుందాం పట్టున్రి," అన్నాడు.

మొదటి అనుమానితుడు విమానం. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్పే మైదానం ఉంది. అక్కడి బుల్లి విమానాలు మా నెత్తి మీద గిరగిరా తిరుగుతుంటాయి. అవే సిగ్నల్ చల్లుతున్నాయేమోనని మూర్తిగారు రెండు రోజులు డాబా మీద గడియారంతో కూర్చుని, విమానం వచ్చిన వేళలూ భార్య భయపడిన వేళలూ పక్కపక్కన రాశారు. విమానాలు పొద్దున, భయం సాయంత్రం. ఎక్కడా కలవలేదు. ఎండదెబ్బకు ముక్కు మాత్రం కమిలింది.

అప్పుడు సర్వే మొదలుపెట్టారు. పద్నాలుగు ప్రశ్నల పత్రం. సొంత ఊరు, టీవీ వయసు, రోజుకు ఎన్ని గంటలు చూస్తారు, ఏ వేళ చూస్తారు, నిద్ర పడుతుందా, కలలు వస్తున్నాయా, టీ ఎన్నిసార్లు, ఎల్బీనగర్‌లో ఆ రోజు ఏం జరిగిందనుకుంటున్నారు, పక్క గల్లీవాళ్ళంటే భయమా, ఇలా. నేను అరవై కాపీలు తీశాను. ఆ రోజుల్లో ముక్కూమొహం తెలియని కాగితం పట్టుకుని ఎవరింటికి పోయినా తలుపు మొహం మీద వేస్తారు. కానీ లింగస్వామిని ఆపేదెవరు? "జర టీవీ చూస్తనమ్మా" అంటూ లోపలికి పోయేవాడు, వెనకాల మూర్తిగారు పెన్నుతో. ఇతను వైరు గిల్లుతుంటే ఆయన నిద్ర గురించి అడిగేవారు.

నాలుగు రోజుల్లో కాగితాలన్నీ నా కౌంటరు మీద పరిచారు. ఐదో గల్లీలో దాదాపు అందరిదీ ఒకే జవాబు. ఎల్బీనగర్‌లో బస్సులు తగలబెట్టారు, రాళ్ళవాన, రేపో మాపో మన గల్లీలోకి వస్తారు. నాలుగో గల్లీలోనూ అందరిదీ ఒకే జవాబు. ఎల్బీనగర్‌లో లక్షమంది కూర్చుని పండగలా తిన్నారు, ఈగ కూడా వాలలేదు, పక్క గల్లీవాళ్ళే కర్రలు దాస్తున్నారు.

"ఇందులో వింతేముంది? ఎవరి ఊరివాళ్ళు వాళ్ళకు నచ్చింది చెప్పుకుంటారు," అన్నాను.

మూర్తిగారు రెండు కాగితాలు పక్కకు తీశారు. ఆయన కళ్ళు మెరిశాయి. ఒకటి ఇస్త్రీ రాజుది. దేవరకొండ మనిషి, ఐదో గల్లీ చివర గది అద్దెకు తీసుకుని, ఆ గదిలోనే రోజంతా బట్టలు ఇస్త్రీ చేస్తూ టీవీ వింటాడు. రెండోది అమ్మాజీది. భీమవరం దగ్గరి మనిషి, నాలుగో గల్లీలో అద్దెకుంటూ పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. రాజు ఇలా చెప్పాడు: "మావోళ్ళేగానీ సారూ, జర భయమైతుంది. బస్సులు తలగబెట్టిన్రు గదా." అమ్మాజీ ఇలా చెప్పింది: "ఎంత ముచ్చటగా తిన్నారండీ రోడ్డు మీద! ఆ ఐదో గల్లీవాళ్ళని చూస్తేనే గుండె దడ."

నేను ఆ రెండు కాగితాలూ మూడుసార్లు చదివాను. పుట్టిన ఊరు బట్టి కాదు, ఉన్న గల్లీ బట్టి మారుతోంది బుర్ర.  ముసలాయన చాదస్తం అనుకుని నవ్వినందుకు సిగ్గు వేసింది.

లింగస్వామి కాగితాల వంక చూడలేదు. చదవడం అతనికి కష్టం. వేలితో కౌంటరు మీద రెండు గీతలు గీసి, "గీ గల్లికి ఒక తీగ, గా గల్లికి ఒక తీగ," అని ఊరుకున్నాడు.

మర్నాడు సాయంత్రం మా ఇంట్లోనే పరీక్ష. నాది మూల ఇల్లు కదా, ముందు గోడకు నాలుగో గల్లీ స్తంభం, వెనక గోడకు ఐదో గల్లీ స్తంభం. లింగస్వామి మూసారాంబాగ్‌లో రిపేరు షాపు నుంచి చిన్న టీవీ ఒకటి అడిగి తెచ్చాడు. దాన్ని నా టీవీ పక్కనే పెట్టి, నాదానికి నాలుగో గల్లీ తీగ, దానికి ఐదో గల్లీ తీగ తగిలించాడు. మూర్తిగారు దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న పెద్ద భూతద్దం తీసి, ముక్కు తెరకు ఆనించి దొంగ బొమ్మ కోసం వేటాడారు. గంటకు కళ్ళమ్మట నీళ్ళు కారాయి కానీ దొంగ దొరకలేదు.

నేనే విసుగొచ్చి రిమోట్ నొక్కడం మొదలుపెట్టాను. ఏడో నంబర్ వార్తల ఛానల్ పెట్టాను. ఐదో గల్లీ టీవీలో అద్దంలా ఉంది. నాలుగో గల్లీ టీవీలో చుక్కలు, ఇసుక జల్లినట్టు, గొంతు కూడా గరగర. నలభై ఎనిమిదో నంబర్ వార్తల ఛానల్ పెట్టాను. ఇప్పుడు నాలుగో గల్లీలో అద్దం, ఐదో గల్లీలో చుక్కలు. మళ్ళీ ఏడు. మళ్ళీ నలభై ఎనిమిది. చుక్కలున్న ఛానల్‌ను ఎవరు చూస్తారు? నొక్కుకుంటూ ముందుకు పోతారు. ఇక్కడివాళ్ళు అక్కడిది చూడలేదు, అక్కడివాళ్ళు ఇక్కడిది చూడలేదు.

"దొరికింది!" అని మూర్తిగారు లేచి నిలబడ్డారు. "ఎవడో మధ్యలో కూర్చుని ఒక గల్లీకి ఒకటి, ఇంకో గల్లీకి ఇంకోటి చెడగొడుతున్నాడు. ఎవడు వాడు? ఎక్కడినుంచి చేస్తున్నాడు? పద లింగస్వామీ, తీగ పట్టుకుని పోదాం."

లింగస్వామి కదల్లేదు.  నేను మంచినీళ్ళిస్తే తాగలేదు. మూర్తిగారు అప్పటికే వీధిలో ఉన్నారు, తలెత్తి ఐదో గల్లీ తీగ వెంట నడుస్తున్నారు. మేమిద్దరం వెనక. ఒక స్తంభం, రెండో స్తంభం, వేపచెట్టు, మూడో స్తంభం. అక్కడినుంచి తీగ కిందికి వంగి ఒక ఇంటి సన్‌షేడ్ కిందికి పోయింది. అది ఆయన సొంత ఇల్లు. సన్‌షేడ్ కింద బూడిద రంగు డబ్బా, దాన్నుంచి నల్ల వైరు ఆయన హాలు కిటికీలోంచి లోపలికి, ఆయన ప్లగ్గులోకి. పదకొండేళ్ళుగా అక్కడే ఉంది. మూర్తిగారు దాన్ని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"ఇందులో ఏముంటుంది?" అన్నారు మెల్లగా.

అలికిడికి టీచరమ్మ గేటు దగ్గరికి వచ్చింది. తాళం తియ్యలేదు. లింగస్వామి గోడ ఎక్కి డబ్బా మూత తీసి, స్క్రూడ్రైవరుతో ఒక చిన్న స్క్రూ చూపించాడు.

"దీన్ని గిటు తిప్పితే చిన్న నంబర్లు మంచిగొస్తయ్ సారూ, పెద్ద నంబర్లల్ల చుక్కలొస్తయ్. గటు తిప్పితే పెద్దయి మంచిగొస్తయ్, చిన్నయి పోతయ్. నడుమ పెడితే రెండిట్ల జరంత చుక్కలుంటయ్, ఎవరికీ సక్కగుండదు. డిసెంబర్ల టీచరమ్మ ఏడో నంబర్ల చుక్కలున్నయన్నది. గిటు తిప్పిన. అంతయ్య మామ నలబై ఎనిమిదిల చుక్కలున్నయన్నడు. ఆడ గటు తిప్పిన. కరెంటిచ్చే ఇండ్లు గదా. అడిగింది జేసిన. క్లియర్ అన్నరు, దిగిన." డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు. "దొంగను నేనే సారూ. నాకు నిన్నటిదాంక తెల్వదు. ఒట్టు."

 టీచరమ్మ గేటు ఊచలు పట్టుకుని ఉంది. నేను ఆమె అతన్ని తిడుతుందనుకున్నాను.

"నేనే కదయ్యా అడిగింది," అంది. "నేనే అడిగి తిప్పించుకుని, నేనే చూసి, నేనే గేటుకు తాళం వేసుకున్నానా?"

చరచరా లోపలికి వెళ్ళింది. హాల్లో ప్లగ్గు పీకిన చప్పుడు బయటికి వినపడింది.

సాయంత్రం ఏడు కావస్తోంది, వార్తల వేళ. ఐదో గల్లీ టీవీలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. లింగస్వామి ఒక్క క్షణం ఆలోచించి, నాలుగో గల్లీకి పోయి అంతయ్య గోడ మీది డబ్బా వైరు కూడా ఊడబీకాడు. కేబుల్ పోతే మా కాలనీలో జరిగేది ఒక్కటే. జనం గుమ్మాల్లోకి వచ్చి "మీకూ పోయిందా?" అని అడుగుతారు. ఆ తర్వాత లింగస్వామి కోసం వెతుకుతారు. అతను నా దుకాణం ముందు కూర్చుని ఉన్నాడు. నెల రోజుల తర్వాత రెండు గల్లీలూ నా మూల దగ్గర కలిశాయి, అతన్ని తిట్టడానికి. తిట్టడంలో ఎంత ఐకమత్యమో! ఒకరు మొదలుపెట్టిన తిట్టు ఇంకొకరు పూర్తిచేశారు. అమ్మాజీ, ఇస్త్రీ రాజు పక్కపక్కనే నిలబడి చేతులు తిప్పుతూ తిట్టారు.

లింగస్వామి లేచి నిలబడి స్క్రూ సంగతి అందరికీ చెప్పాడు. చెప్పకుండా తప్పించుకోవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. చెప్పాడు.

"ఏంర లింగా, మనోనివై ఉండి గా గల్లికి గా ఛానల్ క్లియర్ జేసినవా?" అని అంతయ్య చెంప మీద ఒక్కటి వేశాడు. అటు నుంచి ఇంకొకాయన "ఇన్నాళ్ళూ మాకు సగం వార్తలు దాచావన్నమాట!" అని కాలరు పట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. దుకాణం మెట్టెక్కి అరిచాను. "అడిగిందెవరు? మీ గల్లీల్లో కరెంటిచ్చే ఇళ్ళు కాదా? అతను మీ మాట విన్నందుకా ఈ దెబ్బలు?" అంతయ్య నా వంక చూడలేదు కానీ చెయ్యి దించాడు.

అది మంగళవారం. ఆ రాత్రే లింగస్వామి రెండు డబ్బాల్లోనూ స్క్రూను నడిమికి పెట్టి వైర్లు తగిలించాడు. రెండు ఛానళ్ళలోనూ కాసిని చుక్కలు. బుధవారమంతా అతని ఫోను మోగుతూనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చుక్కలున్నాయంటే స్తంభం ఎక్కలేదు. ఓనరు పిలిచి చీవాట్లు పెట్టాడు. అయినా ఎక్కలేదు.

బుధవారం సాయంత్రం టీచరమ్మ కబురు పెట్టింది. నేను, లింగస్వామి, మౌనిక వెళ్ళాం. గేటు తీసే ఉంది. రేపు గురువారం, కొనేవాళ్ళు వస్తారు. టేబుల్ మీద ఇంటి కాగితాల సంచీ కూడా ఉంది. లింగస్వామి దాన్ని చూసి కుర్చీలో కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. టీవీలో వంటావార్పు ముచ్చటే మళ్ళీ వేస్తున్నారు. టీచరమ్మ ఏడు పెట్టింది. మంటలు, పరుగులు. నలభై ఎనిమిది పెట్టింది. బంతులు, పాటలు, నవ్వులు. మళ్ళీ ఏడు. లెక్క తప్పు ఎక్కడుందో వెతికే మనిషిలా చూస్తోంది.

"రెండూ పెట్టుకుని చూస్తున్నాను పొద్దుట్నుంచీ. రెంట్లో ఏది నిజమో తేలడం లేదు," అంది.

లింగస్వామి తెర వంక చూస్తున్నాడు. చుక్కల్ని కాదు, బొమ్మను. చాలాసేపు చూశాడు.

"గిట్లయితే లేకుండె టీచరమ్మా," అన్నాడు.

"ఎలా లేదు?"

"ఏడుల జూపినట్టూ లేకుండె, నలబై ఎనిమిదిల జూపినట్టూ లేకుండె. నేను ఆడ్నే ఉంటి గద. మైకుకు వైరు గుంజిన. మా మౌనిక కూడ ఉండె."

టీచరమ్మ రిమోట్ కింద పెట్టేసింది.  నాలుగు రోజులు మూర్తిగారితో ఇల్లిల్లూ తిరిగిన మనిషి! విమానాల్ని అడిగారు, భూతద్దాన్ని అడిగారు, అరవై ఇళ్ళను అడిగారు.

"నువ్వు అక్కడ ఉన్నావా? మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది టీచరమ్మ.

"మీరు అడుగలే. నేనూ క్లియరున్నదా అనే అడిగిన గానీ, ఏం జూసి భయపడుతున్నవ్ తల్లీ అని అడుగలే."

ఆమె టీవీ ఆపేసింది. "కూర్చో. మొదట్నుంచీ చెప్పు," అంది.

చెప్పాడు. కాలింది ఒక్క టైరు. కెమెరాలవాళ్ళు అడిగితే దాన్నే రెండుసార్లు రాజేశారు. రాళ్ళు కూడా పడ్డాయి. వేసినవాణ్ణి ఒక ముసలమ్మ గరిటెతో తరిమింది. బస్సు అద్దం ఒకటి పగిలింది, ఒకాయన నుదురు చిట్లింది, అది అబద్ధం కాదు. పాటలూ అబద్ధం కాదు. లక్షమంది మాత్రం లేరు, మహా అయితే రెండువేలు. అన్నం పలుకుమీదే దించేశారు. విజయవాడ పోయే బస్సు ఆగిపోతే అందులో ఒక పెద్దావిడకు మౌనికే విస్తరి తీసుకుపోయి ఇచ్చింది, ఆమె ఉప్పు లేదని తిట్టింది. అక్కడికి టీచరమ్మకు నవ్వు వచ్చింది. వచ్చిన వెంటనే ఏడుపూ వచ్చింది.

"నా భయం మొత్తం పోలేదయ్యా. నుదురు చిట్లిందన్నావుగా, ఆ మాత్రం భయం ఉంటుంది," అంది కళ్ళు తుడుచుకుంటూ. "కానీ ఆ మాత్రానికి ఇల్లు అమ్ముకోనక్కర్లేదు. ఏమండీ, రేపు వాళ్ళని రావద్దనండి. మౌనికా, త్రికోణమితి ఎక్కడ ఆపాం?"

మౌనిక సంచీలోంచి పుస్తకం తీసింది. లింగస్వామి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, ఇంకా షట్టరు పూర్తిగా ఎత్తకముందే, మూర్తిగారు దుకాణానికి వచ్చారు. చేతిలో పాత ప్రశ్నాపత్రం. పద్నాలుగో ప్రశ్న కింద ఖాళీలో పెన్నుతో పదిహేనోది రాసి తెచ్చారు. "ఆ రోజు మీరు అక్కడ ఉన్నారా?"

"అరవై కాపీలు తియ్యమ్మా. మళ్ళీ మొదట్నుంచీ తిరగాలి," అన్నారు.

తీశాను. మొదటి కాగితం టీచరమ్మే నింపి, మౌనిక చేత నాకు పంపింది. ఎల్బీనగర్‌లో ఏం జరిగిందనుకుంటున్నారు అన్నచోట ఏమీ రాయకుండా వదిలేసింది. పదిహేనో ప్రశ్న ఎదురుగా, లెక్కల టీచర్ల గుండ్రటి అక్షరాలతో, ఒక్క మాట రాసింది. లేను.